‘రేపు’ అని పేరు పెట్టిన ప్రోగ్రాము

డిగ్రీలో చేరబోయే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కంప్యూటర్ సైన్సూ ఫైనాన్సూ కలిపి చెప్పే ఆ కోర్సు మంచిదేనా, చేరితే ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. టీ పెడతాను. అది మరిగేలోపు నా మనసు ఆదోనిలో గడిచిన ఒక చలికాలంలోకి జారిపోతుంది. దాని గురించి మొదలుపెడితే వచ్చినవాళ్ళు ఏం అడగడానికి వచ్చారో మర్చిపోతారు. నేనూ మర్చిపోతాను. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీకు కావలసిన జవాబు ఇందులో ఉందో లేదో మీరే చూసుకోండి.

ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కామర్సు చెప్పేదాన్ని. కాపురం ఎమ్మిగనూరులో. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం బస్సెక్కి రావడం. నా ఉద్యోగ జీవితంలో ఎంత భాగం తరగతి గదిలో గడిచిందో అంత భాగం ఆ రోడ్డు మీద గడిచిందని నాకు అనిపిస్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజంతా హాయిగా ఉండేది. చలికాలం పొద్దుల్లో చేల మీద పొగమంచు మెడ ఎత్తున తేలుతూ ఉండేది. పత్తి తీసే ఆడవాళ్ళ తలలు మాత్రమే పైకి కనిపించేవి. వాళ్ళు నడుస్తుంటే నీళ్ళలో ఈదుతున్నట్టు ఉండేది. నేను కళ్ళు సగం మూసుకుని చూస్తూ, నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉండేదాన్ని. ఆదోని కొండ కనబడ్డాక గానీ మనిషిలో పడేదాన్ని కాదు.

రిటైరు కావడానికి ఇంకొన్నేళ్ళే ఉన్నాయనగా ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు.

“కొత్త కోర్సు వస్తాంది మేడమ్. కంప్యూటరు, ఫైనాన్సు రెండూ కలిపి ఒకే డిగ్రీ. ఫైనాన్సు మీరు సెప్పాల, కంప్యూటరు మన సారు సెప్తాడు. కొన్ని పేపర్లు మాత్రం ఇద్దరూ కలిసి సెప్పాల్సి వస్తాది” అన్నారు.

“ఇద్దరం ఒకేసారి ఎలా చెబుతాం సార్?”

“అది మీరే ఆలోచించుకోండి” అన్నారు. పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ మా కాలేజీలో అలాగే జరిగేవి.

కంప్యూటరు సారు నాకంటే బాగా చిన్నవాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడు. నాతోపాటే రోజూ బస్సులో వచ్చేవాడు. కాలేజీలో నన్ను మేడమ్ అనేవాడు, బస్సెక్కగానే అక్కా అనేవాడు. ఆ కబురు తెలిసిన సాయంత్రం నా పక్క సీట్లో దిగాలుగా కూర్చున్నాడు.

“నాకు జమ ఏ పక్క రాస్తారో, ఖర్చు ఏ పక్క రాస్తారో కూడా తెలీదక్కా. పిల్లోళ్ళ ముందర నగుబాటు అవుతాను.”

“నాకు మౌసు ఎడమ పక్క నొక్కాలో కుడి పక్క నొక్కాలో ఇప్పటికీ అనుమానమే. ఇద్దరం కలిసి నగుబాటవుదాం” అన్నాను.

అప్పటినుంచి ఆ బస్సే మాకు బడి. ప్రోగ్రాములో లూపు అంటే ఏమిటో నాకు కండక్టరును చూపించి చెప్పాడు. “సూడక్కా, ముందు సీటు కాడ మొదలుపెట్టినాడు. ప్రతి సీటు కాడా ఒకటే పని. టికెట్ అంటాడు, చిల్లర తీసుకుంటాడు, ముందుకు పోతాడు. సీట్లు అయిపోతే నిలబడిపోతాడు. లూపంటే అంతే.”

కండక్టరు వెనక్కి తిరిగి, “నన్నేమో అంటాండారే సార్?” అన్నాడు.

“నిన్ను పాఠం చేసుకున్నామన్నా” అన్నాడు సారు.

రిస్కు అంటే ఏమిటో నేను చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టు చెబితే అతనికి ఎక్కలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, “మా నాయన మగ్గం మీద చీర మొదలుపెట్టేటప్పుడు అది ఎవరు కొంటారో తెలీదు. అయినా నేస్తాడు. అదేనా అక్కా రిస్కంటే?” అన్నాడు. అదేనని చెప్పాను. తర్వాత నా తరగతుల్లో ఆ చీరనే చెప్పుకుంటూ వచ్చాను.

మొదటి బ్యాచిలో పిల్లలు ఎక్కువమంది లేరు. లాబులో అందరూ ఒకేసారి కూర్చున్నా కుర్చీలు మిగిలేవి. ఆ లాబు ఒకప్పటి గోడౌను. పక్కనే పత్తి గింజలు తీసే మిల్లు. కిటికీలు ఎంత మూసినా పత్తి నూగు గాల్లో తేలి లోపలికి వచ్చేది. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ నూగు మెల్లగా తిరుగుతూ దిగుతుంటే, దాని కింద పిల్లలు తెరల వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కల్లోకి వస్తుంది. కల్లో ఎవరూ మాట్లాడరు. కీబోర్డుల టకటక మాత్రం వాన చినుకుల్లా వినిపిస్తుంది.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి గురించే నేను చెప్పాలనుకుంటున్నది. వాళ్ళది తుగ్గలి వైపు పల్లె. అమ్మానాన్నలది మెట్ట సేద్యం. చదువుకోసం ఎమ్మిగనూరులో మేనమామ ఇంట్లో ఉండేది. మాతోనే బస్సులో వచ్చేది. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడేది. మేనమామకు ఊరి చివర పత్తి చేను. రోజూ పొద్దున పాత మోటారు సైకిలు మీద ఆమెను బస్టాండులో దింపి, బస్సు కదిలేదాకా నిలబడి పోయేవాడు. ఒకసారి నా కిటికీ దగ్గరికి వచ్చి, “మేడమ్మా, మా పాప బాగా సదువుతాందా?” అని అడిగాడు. బాగా చదువుతోందని చెప్పాను. “అట్లయితే సాలు” అని చెయ్యి ఎత్తి నమస్కారం చేసి పోయాడు.

మూడో ఏట పిల్లలు ప్రాజెక్టు చెయ్యాలి. ఆ అమ్మాయీ, మరో ఇద్దరూ ఒక జట్టయ్యారు. ఆదోని మార్కెట్ యార్డులో మర్నాడు పత్తి ధర ఎంత పలుకుతుందో ముందే చెప్పే ప్రోగ్రాము రాస్తామన్నారు. ఇలాంటి ప్రాజెక్టుకు ఈ కోర్సు కంటే, ఈ ఊరి కంటే తగిన చోటు ఇంకేముంటుంది? కంప్యూటరు సారు ఆ రోజు బస్సులో నిద్రపోలేదు. పాత ధరలన్నీ తెచ్చి ఎలా నేర్పించాలో, వానల వివరాలు ఎలా కలపాలో చెబుతూనే ఉన్నాడు. ప్రోగ్రాముకు ఏదైనా పేరు పెట్టండర్రా అంటే, ముగ్గురూ బాగా ఆలోచించి ‘రేపు’ అని పెట్టారు.

దసరా వెళ్ళాక ‘రేపు’ మాట్లాడడం మొదలుపెట్టింది. తెర మీద రెండు గీతలు. నీలం గీత నిజంగా పలికిన ధర, ఎర్ర గీత ‘రేపు’ ముందు రోజు చెప్పిన ధర. నీలం గీత ఎటు పోతే ఎర్ర గీత అటు పోయేది. రెండూ చేతులు పట్టుకుని కొండ ఎక్కుతున్నట్టు ఉండేవి. ఆ ఏడు ధర మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంది. రేపు ఇంకొంచెం పెరుగుతుందని ‘రేపు’ చెప్పేది, మర్నాడు పెరిగేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనూ కొట్టేదాన్ని.

ఈ సంగతి యార్డుకు ఎలా చేరిందో గానీ, కార్తీక మాసం దాటేసరికి మా కాలేజీ గేటు దగ్గర రైతులు కనబడసాగారు. పత్తికొండ, తుగ్గలి వైపు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మొదటిరోజు ఒకాయన గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌ను అడిగాడు.

“అప్పా, రేపు ఏమంటాంది?”

“రేపు సెలవేం ల్యాదన్నా, కాలేజీ ఉండాది” అన్నాడు వాచ్‌మన్.

తర్వాత అతనికీ అలవాటైపోయింది. లాబు కిటికీ దగ్గరికి వచ్చి కనుక్కుని పోయి గేటు దగ్గర చెప్పేవాడు. “పెరుగుతాదంట.” ఆ ఒక్కమాట విని రైతులు తలపాగా సర్దుకుని మెల్లగా వెళ్ళిపోయేవాళ్ళు. అమ్ముదామని వచ్చినవాళ్ళు కొందరు బండ్లు వెనక్కి తిప్పుకునేవాళ్ళు.

ప్రిన్సిపాల్ గారి ఆనందం చెప్పలేను. కోర్సు నిలబడాలంటే వచ్చే ఏడు పిల్లలు బాగా చేరాలి. లేకపోతే మూసేస్తామని యాజమాన్యం ముందే చెప్పి ఉంది. “వార్షికోత్సవం రోజు ఈ ప్రోగ్రామును అందరికీ సూపిద్దాం. ఇంటర్ పిల్లోళ్ళ తల్లిదండ్రుల్ని పిలుద్దాం, రైతుల్ని పిలుద్దాం. ఇంగ మన కోర్సుకు ఎదురుండదు” అన్నారు. కంప్యూటరు సారు ఆ మాట విని బస్సులో దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. కొత్త లాబు, కొత్త కంప్యూటర్లు, పక్క ఊళ్ళనుంచి వచ్చి చేరే పిల్లలు. అతను చెబుతుంటే నాకు కిటికీ బయట చేలల్లో అవన్నీ కనబడేవి.

పుష్యమాసంలో ఒక ఆదివారం ఆ అమ్మాయి మేనమామ నన్ను భోజనానికి పిలిచాడు. వెళ్ళి గడప దగ్గరే నిలబడిపోయాను. ఇల్లంతా పత్తి. గదుల్లో కప్పు దాకా పోసి ఉంది. మధ్యలో ఒక మనిషి నడిచే సందు. ఆ సందులోంచి వంటింటికి తీసుకుపోయారు. ఆ ఇంట్లో మాటలు మెత్తగా, దూరంగా వినిపించాయి. గిన్నె కింద పడినా చప్పుడు రాలేదు. పత్తి శబ్దాన్ని తాగేస్తోంది. ఏదో మబ్బులో కూర్చుని అన్నం తింటున్నట్టు అనిపించింది నాకు. మామ భార్య వడ్డిస్తూ ఉంటే, ఇంటర్ చదువుతున్న వాళ్ళ కూతురు పక్కన నిలబడి చేతులు గోక్కుంటోంది.

“పత్తిలో పురుగు మేడమ్మా. ఒళ్ళంతా ఒకటే దురద. పిల్లకు దగ్గు గూడా వస్తాంది” అంది మామ భార్య.

“అమ్మేయకూడదా?” అన్నాను.

మామ నవ్వాడు. “రేపు ఇంకా పెరుగుతాదని మా పాప ప్రోగ్రామే సెప్తాంది గదా. పెరగదని అది సెప్పే దినం అమ్ముతాను. అంతదాకా ఓపిక పడతాం.”

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె పళ్ళెంలోకి చూస్తోంది. నవ్వలేదు.

తర్వాతి వారంలో ఒక పొద్దున బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. ఎండ అప్పుడే వెనకనుంచి వస్తోంది. మా బస్సు నీడ రోడ్డు మీద పొడుగ్గా, బస్సుకంటే ముందు పరుగెడుతోంది. చాలాసేపు దాన్నే చూసి, మెల్లగా అంది.

“మేడమ్, నీడ ముందర పోతాంది. సూసేవాళ్ళకు అదే బస్సుకు దారి సూపిస్తాందనిపిస్తాది.”

“అవును” అన్నాను, సగం నిద్రలో.

“మన ‘రేపు’ గూడా అట్లాంటిదేనేమో అనిపిస్తాంది మేడమ్. ఈ పొద్దు లాబులో ఒకటి సూడాల. మీరు, సారు ఇద్దరూ రండి.”

లాబులో ఆమె చేసింది చాలా చిన్న పని. తెర మీద ఎర్ర గీతను మౌసుతో పట్టుకుని ఒక్కరోజు వెనక్కి జరిపింది. అంతే. ఎర్ర గీత వెళ్ళి నీలం గీత మీద కూర్చుంది. రెండు గీతలు ఒకటే అయిపోయాయి. మధ్యలో వెంట్రుకంత సందు మిగిలిందేమో, అంతే.

నాకు వెంటనే అర్థం కాలేదు. సారుకు అర్థమైంది. అతని మొహం చూసి నేను భయపడ్డాను.

“అంటే ఏమిటి?” అన్నాను.

“ఇది రేపటి ధర సెప్పడంల్యా మేడమ్. ఈ పొద్దు ఏం పలికితే, దానికి ఒక పిసరు కలిపి అదే రేపటిదని సెప్తాంది” అంది ఆ అమ్మాయి. “ధర పెరుగుతా ఉన్నన్నాళ్ళూ ఇది సెప్పింది నిజమైనట్టే ఉంటాది. తిరగబడే దినం దీనికి తెలీదు. తిరగబడినాక తెలుస్తాది.”

“కాదు” అన్నాడు సారు గట్టిగా. “ఇంకా పాత ధరలు తెచ్చి నేర్పిస్తే నేర్చుకుంటాది. నువ్వు తొందరపడతాండావు.”

ఆ రోజు, ఆ మర్నాడు, ఆ తర్వాత ఇంకొన్ని రోజులు అతను లాబులోంచి కదల్లేదు. ఎన్ని రకాలుగా నేర్పించినా ఎర్ర గీత వెనక్కి జరిపితే నీలం గీత మీదే కూర్చునేది. చివరికి లేచి వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు. నీళ్ళు కారుతున్న మొహంతోనే అన్నాడు.

“కోడులో తప్పేం లేదక్కా. రేపటి సంగతి పాత ధరల్లో ఉంటే గదా అది నేర్చుకునేది.” కాలేజీలో నన్ను అక్కా అనడం అదే మొదటిసారి.

ముగ్గురం కలిసి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పోయాం. ఆయన ఓపిగ్గానే విన్నారు. విని, బల్ల మీద ఉన్న ఆహ్వాన పత్రాల కట్ట వైపు చూశారు. “ఇవి పంచేసినాము మేడమ్. ఛైర్మన్ గారు వస్తాండారు. కార్యక్రమం అయిపోనీయండి. తర్వాత నెమ్మదిగా సెప్పుకోవచ్చు. ఇప్పుడు సెప్తే కోర్సు పోతాది, మీ సారు కష్టం పోతాది” అన్నారు. ఆయన దుర్మార్గుడు కాడు. ఆ కోర్సు కోసం యూనివర్సిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాడు ఆయనే.

బయటికి వచ్చాక ఆ అమ్మాయిని అడిగాను. “మీ మామకు ఇంట్లో చెబుతావా?”

“సెప్పను మేడమ్.”

“ఎందుకు?”

“ఇప్పుడు ఇంట్లో సెప్తే మామ ఒక్కడే అమ్ముకుంటాడు. గేటు కాడికి వచ్చినోళ్ళు ఏం పాపం చేసినారు? మావోళ్ళకు మాత్రం ముందర సెప్పుకున్నానంటారు. లోపలి సంగతి తెలిసినోళ్ళు అందరికంటే ముందర అమ్ముకోకూడదని మీరే గదా పాఠం సెప్పినారు.”

చెప్పాను. ఏళ్ళ తరబడి ప్రతి బ్యాచికీ చెప్పాను. పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న అది. ఒక ఇంట్లో కప్పు దాకా పోసిన పత్తి మధ్య ఆ పాఠానికి ఎంత బరువుంటుందో మాత్రం అప్పటిదాకా నాకు తెలియదు. ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

“వేదిక మీద సెప్తాను. అందరూ ఒక్కసారే వింటారు” అంది.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో ఛైర్మన్ గారు, పెద్దలు. తర్వాత ఇంటర్ పిల్లలు, తల్లిదండ్రులు. వెనక గోడ పొడుగునా రైతులు, తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. మామ ఎలాగో ఒక కుర్చీ సంపాదించుకుని, పక్కవాళ్ళకు వేదిక వైపు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. మా పాప అని చెబుతున్నాడని అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. డాన్సులయ్యాయి, శాలువాలయ్యాయి. ఆ పాటలూ ఆ రంగు దీపాలూ అన్నీ నాకు నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు ఉన్నాయి. అప్పుడు ఆమె పేరు పిలిచారు. కంప్యూటరు సారు లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాడు.

తెర మీద రెండు గీతలు రాగానే చప్పట్లు మోగాయి. ఆమె చప్పట్లు ఆగేదాకా ఆగింది. తర్వాత ఎర్ర గీతను ఒక్కరోజు వెనక్కి జరపమని సారును అడిగింది. అతను ఒక్క క్షణం ఆమె వైపు చూసి, జరిపాడు.

“రెండూ ఒకటే అయినాయి, సూసినారా? ఇది రేపటి ధర సెప్పడంల్యా. ఈ పొద్దుటి ధరే మళ్ళా మనకు సెప్తాంది” అంది. హాల్లో ఎవరికీ అర్థమైనట్టు లేదు. “ఇంకొకటి సూపిస్తాను. నేనెక్కే ఎమ్మిగనూరు బస్సు రోజూ ఎంత ఆలస్యంగా వస్తాదో రాసి పెట్టుకున్నాను. దాన్ని ‘రేపు’కు ఇచ్చినాను. పత్తి ధర అని సెప్పినాను.”

తెర మారింది. నీలం గీత బస్సు ఆలస్యాలతో ఎగుడుదిగుడుగా పోతోంది. ఎర్ర గీత అంతే శ్రద్ధగా, అంతే ధీమాగా దాని వెంట నడుస్తోంది. పిల్లలు గొల్లున నవ్వారు. ముందు వరుసలో ఒకరిద్దరు పెద్దలు కూడా నవ్వారు. వెనక గోడ దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఒక రైతు గట్టిగా అడిగాడు. “అట్లయితే రేపు ధర పడిపోతాదా పాపా?”

“పడిపోతాదని సెప్పలేను నాయనా. పెరుగుతాదనీ సెప్పలేను. నాకు తెలీదు, దీనికీ తెలీదు. దీనికి తెలుసనుకుని మాత్రం సరుకు ఇంట్లో పెట్టుకోవద్దండి.”

“ఇన్నాళ్ళూ కరెక్టుగా సెప్పింది గదా?”

“ఇన్నాళ్ళూ ధరే పెరుగుతా పోయింది నాయనా. ఇది దాని ఎనకాల నడిచింది.”

ప్రిన్సిపాల్ గారు లేచి మైకు దగ్గరికి వచ్చి, తర్వాతి అంశం కోలాటం అని ప్రకటించారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. కోలాటం పిల్లలు గజ్జెలతో వేదిక ఎక్కుతుంటే వాళ్ళ మధ్యనుంచి ఆమె దిగి వచ్చింది. వెనక మామ కుర్చీలోంచి లేచాడు. ఎవరివైపూ చూడకుండా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆమె అతని వెంట పరుగెత్తబోయి ఆగిపోయింది.

మామ మర్నాడే పత్తంతా యార్డుకు తోలి అమ్మేశాడు. ఇంకొందరు కూడా అమ్మేశారు. ఆ తర్వాత ఏం జరిగిందంటే, ధర పెరిగింది. కొద్దిరోజులు కాదు, వేసవి వచ్చేదాకా పెరుగుతూనే పోయింది.

మీరు ఇలాంటి కథలు చదివి ఉంటారు. నిజం చెప్పిన మనిషికి చివరికి మేలు జరుగుతుంది, లోకం మెచ్చుకుంటుంది. మార్కెట్ యార్డు ఆ కథలు చదవదు. గేటు దగ్గరికి మళ్ళీ రైతులు వచ్చారు, ఈసారి తిట్టడానికి. “ఆ పాప మాట విని అమ్ముకున్నాం సారూ, నోటికాడ కూడు పోయింది” అని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాచ్‌మన్ ఆయనకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

అలాంటి ఒక పొద్దున బస్సులో ఆమె అడిగింది. “మేడమ్, నేను సెప్పింది తప్పా?”

“ధర పడిపోయి ఉంటే నువ్వు చెప్పింది ఒప్పని అనుకునేదానివా?”

ఆమె ఆదోని కొండ దాకా ఆలోచిస్తూ కూర్చుంది. బస్సు దిగేటప్పుడు మాత్రం, “అప్పుడు గూడా ధర సంగతి నాకు ముందర తెలీకనే ఉంటాది కదా మేడమ్” అంది. ఆ మాట అన్నాక ఆమె మొహం కాస్త తేటపడింది.

ఇంట్లో మామ ఆమెతో మాట్లాడడం మానేశాడు. “బస్టాండుకు మాత్రం దింపుతాండాడు మేడమ్. ముందరికి సూసుకుంటా తోల్తాడు. దిగేదాకా ఒక్క మాట ఉండదు” అని చెప్పింది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. బస్సు కదిలేదాకా నిలబడేవాడు. అది మాత్రం మానలేదు.

ప్రాజెక్టు పరీక్షకు బయటనుంచి వచ్చిన ఆచార్యుడు వాళ్ళ ముగ్గుర్నీ ఒక పూటంతా ప్రశ్నలడిగాడు. చివర్లో కంప్యూటరు సారుతో, “పనిచెయ్యని ప్రోగ్రాము ఎందుకు పనిచెయ్యదో ఇంత చక్కగా వివరించిన పిల్లల్ని నేను చూడలేదు” అని మంచి మార్కులు వేసి పోయాడు. యాజమాన్యానికి ఆ మార్కులతో పనిలేదు. ఆ జూన్‌లో కోర్సుకు దరఖాస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టేలా వచ్చాయి. కొత్త చేరికలు ఆపేశారు.

“మనం పెట్టిన కోర్సు మనమే మూసుకున్నామక్కా” అన్నాడు సారు ఆ సాయంత్రం బస్సులో. కాసేపటికి ఏమనుకున్నాడో నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం ఊరు వచ్చేదాకా అలా నవ్వుతూనే ఉన్నాం. కండక్టరు మమ్మల్ని వింతగా చూశాడు. అతని కొత్త లాబు, కొత్త కంప్యూటర్లు ఆ చేలల్లోనే ఎక్కడో ఉండిపోయాయి. సాయంత్రం వెలుగులో చేలు ఎప్పటిలాగే బంగారు రంగులో ఉన్నాయి.

ఆ అమ్మాయికి బెంగళూరులో ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. కంపెనీల్లో వాడే ప్రోగ్రాములు నిజంగా ఏమైనా తెలుసుకుని చెబుతున్నాయా, ఊరికే తెలిసినట్టు మాట్లాడుతున్నాయా అని పరీక్షించే పనట. ఆ పని పేరు నాకు నోరు తిరగదు. ఆమె ఊరు విడిచి వెళ్ళేనాటికి కూడా మామ మాట్లాడలేదు.

మరుసటి ఏడు జూన్ నా ఉద్యోగానికి ఆఖరిది. యూనివర్సిటీ ఒత్తిడి మీద యాజమాన్యం ఆ కోర్సును మళ్ళీ తెరిచింది. నేనూ, కంప్యూటరు సారూ చేరికల బల్ల దగ్గర కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. ఎవరూ రావడం లేదు. నాకు కునుకు పడుతోంది. ఆ కునుకులోనే ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు అనిపించి కళ్ళు తెరిస్తే, మామ. పక్కన అతని కూతురు, ఇంటర్ సర్టిఫికెట్లు గుండెకు హత్తుకుని.

“దీన్ని గూడా ఆ కోర్సులోనే సేర్పించుకోండి మేడమ్మా” అన్నాడు.

సారు తడబడ్డాడు. “మీకు ఆ ఏడు మా వల్ల శానా నష్టమైంది కదన్నా...”

“అయింది సార్. ఇంటి పైకప్పు మార్పిద్దామనుకుంటి, ఆగిపోయింది.” అతను బల్ల అంచు పట్టుకున్నాడు. “అది సెప్పిన మాటలో అబద్ధం యాడుండాదా అని ఇన్నాళ్ళూ ఎతికినాను. దొరకల్యా. ఆ పొద్దు అంతమంది ముందర, నేను కూర్చోనుండంగ, తెలీదని సెప్పింది సూడండి. ఆ సదువు దీనికి గూడా సెప్పండి.”

సారు లేచి నిలబడి తన కుర్చీ అతనికి వేశాడు.

వాళ్ళు వెళ్ళాక నేను బెంగళూరుకు ఫోను చేశాను. ఆ అమ్మాయి ఆఫీసులో ఉంది. జరిగినదంతా చెప్పాను. లైను తెగిపోయిందేమో అనుకున్నాను.

“ఉన్నావా అమ్మా?”

“ఉండాను మేడమ్.” ఇంకాసేపటికి అడిగింది. “మామ ఎట్లాంటి అంగీ ఏసుకోనొచ్చినాడు?”

“తెల్లదమ్మా.”

“ఇస్త్రీ చేసిందా?”

నేను గుర్తు తెచ్చుకున్నాను. మడత నలగని అంగీ చేతులు, గట్టిగా నిలబడ్డ కాలరు. “చేసిందే” అన్నాను.

“ఇష్టంల్యాని పనికి మామ ఇస్త్రీ అంగీ ఏసుకోడు మేడమ్” అంది. ఆ తర్వాత ఆమె ఏడుస్తుంటే నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.